షుగర్ ఉన్న పిల్లికి బిళ్ల మింగించాలంటే

షుగర్ ఉన్న మా పిల్లికి బిళ్ల ఎందులో దాచిపెట్టినా, చుట్టూ ఉన్నదంతా నాకేసి తడి బిళ్లను నేలమీద వదిలేసేది. తీపివి పెట్టలేం కదా.

ఇప్పుడు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన చికెన్‌ని గోరంత ముక్కలు మూడు తీస్తాను. మొదటిది ఉత్తది. రెండోదాంట్లో బిళ్ల. అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు దగ్గర పెడితే, దానికోసం గబుక్కున మింగేస్తుంది. బిళ్ల పట్టుకున్న వేళ్లతో మూడోది ఇవ్వకండి, వాసన పట్టేస్తుంది. తర్వాత సూది లేని సిరంజితో 5 ఎం.ఎల్. నీళ్లు బుగ్గ పక్కనుంచి మెల్లగా పట్టండి. పొడి బిళ్ల గొంతులో అతుక్కుంటే పుండు పడే ప్రమాదం ఉంది.

పిల్లి తిండి మానేసిన రోజు ఇది పనిచేయదు. బలవంతంగా తినిపించకండి. ఆ రోజు ఇన్సులిన్ ఇచ్చేముందు కూడా డాక్టర్‌ని అడగండి.