పనిరోజులో ‘ఫీకా’ను అలవాటు చేసుకోవడం ఎలా?

స్వీడన్‌లో చాలా ఆఫీసుల్లో ఉదయం పదింటి ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో మరోసారి కుర్చీలు ఖాళీ అవుతాయి. అందరూ కాఫీ దగ్గర చేరతారు. దాల్చినచెక్క బన్ను కూడా ఉంటే ఇంకా సంతోషం. దీన్ని వాళ్లు ఫీకా అంటారు. 19వ శతాబ్దంలో కాఫీని ‘కఫ్ఫి’ అని కూడా పిలిచేవారు. అందులోని అక్షరాలు తిరగేస్తే వచ్చిన మాట ఇది.

టీ తాగినా, పళ్లరసం తాగినా అది ఫీకాయే. మనం ఒంట్లో ఓపిక పూర్తిగా అయిపోయాక ఆగుతాం. వాళ్లు వేళకి ఆగుతారు, అదీ నలుగురితో కలిసి. స్వీడన్ నుంచి ఒక్కటే నేర్చుకోవాలంటే నేను ఇదే నేర్చుకోమంటాను.

1. వేళ ఖాయం చేసుకోండి. మొదట్లో రోజుకి ఒక్కసారి, పదిహేను నిమిషాలు చాలు. ఆ సమయాన్ని క్యాలెండర్‌లో మీటింగ్‌లాగే గుర్తించి పెట్టండి. లేకపోతే వారం తిరిగేసరికి అక్కడ వేరే ఎవరో మీటింగ్ పెట్టేస్తారు.

2. లేచేముందు చీటీ రాయండి. పని మధ్యలో వదిలేస్తే మనసు దాన్నే పట్టుకుని ఉంటుంది. కప్పు చేతిలో ఉన్నా నా ధ్యాసంతా స్క్రీన్ మీదే ఉండేది. ఇప్పుడు చిన్న కాగితం మీద, తిరిగొచ్చాక చేయాల్సిన మొదటి పని రాస్తాను: ‘రెండో పట్టికలో మొత్తం సరిచూడాలి’. దాన్ని కీబోర్డు మీద పెట్టి లేస్తాను. వచ్చి కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

3. ఫోన్ బల్ల మీదే వదిలేయండి.

4. ఎవరినైనా పిలవండి. అసలు కష్టం ఇక్కడే, అసలు ఫలితమూ ఇక్కడే. రోజూ పక్క సీటు వాళ్లనే కాకుండా వేరే విభాగం వాళ్లని, కొత్తగా చేరినవాళ్లని కూడా రమ్మనండి. ఎజెండా వద్దు. మాటల్లో పని ప్రస్తావన వస్తే రానివ్వండి గానీ దానికోసమే పిలవకండి. మొదటి రెండు మూడు రోజులు మధ్యమధ్య మౌనం ఇబ్బందిగానే ఉంటుంది. కంగారుపడి ఏదో ఒకటి మాట్లాడనక్కర్లేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇంట్లోవాళ్లతో కూర్చోవచ్చు, లేదా సహోద్యోగికి వీడియో కాల్ చేయవచ్చు.

మీరు మేనేజర్ అయితే మీరే ముందు వెళ్లాలి. ‘మీరు వెళ్లండి, నాకు పనుంది’ అని ఒక్కసారి అన్నా చాలు, మర్నాడు ఎవరూ లేవరు.

5. అనుకున్న సమయానికి తిరిగి వెళ్లండి. పదిహేను నిమిషాలు నలభై అయితే మరుసటి వారానికి మీకే తప్పుచేస్తున్నట్టు అనిపించి మానేస్తారు.

6. ఇదే పద్ధతిని సెలవులకీ పెట్టుకోండి. స్వీడన్‌లో 1977 నాటి చట్టం ప్రకారం ఏడాదికి 25 రోజుల సెలవు ఉద్యోగి హక్కు. మామూలుగా జూన్–ఆగస్టు మధ్య వరసగా నాలుగు వారాలు తీసుకోవచ్చు. సెలవులు ఎప్పుడో అందరికీ ముందే తెలుసు కాబట్టి పనులను దానికి తగ్గట్టు సర్దుకుంటారు. మీకు అలాంటి చట్టం లేకపోయినా ముందే సర్దుకోవడం మీ చేతిలో పనే. వెళ్లడానికి పది రోజుల ముందు ఒక పేజీ రాయండి: ఏ పని ఎంతవరకు వచ్చింది, కాగితాలు ఎక్కడున్నాయి, ఎవరిని అడగాలి. ‘అవసరమైతే నాకు ఫోన్ చేయండి’ అని మాత్రం రాయకండి. చేస్తారు. ఆ చోట, ముందే అడిగి ఒప్పించిన సహోద్యోగి పేరు రాయండి.

తిరిగొచ్చిన రోజు పొద్దున్న మీటింగులేవీ పెట్టుకోకుండా, పదింటికి ఆ సహోద్యోగినే ఫీకాకి పిలవండి. మీరు లేనప్పుడు ఏం జరిగిందో ఈమెయిళ్లు తెరిచేలోపు వాళ్ల నోటే వినవచ్చు.