ఇసుక పెరటికి వానల ముందు జాగ్రత్తలు

తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలవుతాయి. ఇసుక నేలను తక్కువ ఖర్చుతో బాగుచేయాలనుకునేవారు ఆలోపే ఇవి చూసుకోండి.

• చెరువు మట్టి తోలించే ముందు స్వయంగా వెళ్లి చూడండి. ఎండిన మట్టి మీద ఉప్పులాంటి తెల్లటి పొర ఉంటే అది చౌడు, వద్దనండి. ట్రాక్టరు కిరాయి పోవడం ఒక ఎత్తు, పెరట్లో చేరిన ఉప్పును వదిలించడం ఇంకో ఎత్తు. మంచి మట్టయినా గడ్డలు బాగా ఎండాక పొడిచేసి, జానెడు లోతు వరకు కలపండి. పైపొరగా వదిలేస్తే అట్టకట్టి నీరు దిగదు.

• పచ్చి పేడ వేయకండి. వేడికి వేళ్లు మాడతాయి, వేరుపురుగు చేరుతుంది. మాగిన ఎరువు గుప్పిట్లో నలిపితే పొడిగా రాలుతుంది, పేడ వాసన ఉండదు.

• వేరుశనగ పొట్టు మన జిల్లాలో తేలికగా దొరుకుతుంది. దాన్ని మట్టిలో కలిపితే కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుని మొక్కలు పసుపెక్కుతాయి. పైన పరచండి, తేమ నిలుస్తుంది.

• పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము, జీలుగ పైర్లు వేస్తే పూత దశలోనే మట్టిలో కలపండి. ముదిరితే కాడలు త్వరగా కుళ్లవు.

• యూరియా ఒకేసారి వద్దు. ఇసుకలో నీటితోపాటే దిగిపోతుంది.

• డబ్బు తక్కువైతే పెరడంతా కాకుండా మొక్క నాటే గుంతల్లోనే ఎరువు నింపండి.