కెనడాలో మీ కారు మీది భద్రతా లేబుళ్లను ఎలా సరిచూసుకోవాలి?

కెనడాలో కారున్న కొందరికి కంపెనీ నుంచి అప్పుడప్పుడు ఓ ఉత్తరం వస్తుంది. మీ బండి మీద అతికించిన లేబుల్ ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంది, లేదా అందులో అంకె తప్పు పడింది, అందుకని రీకాల్ చేస్తున్నాం (అంటే ఆ లోపాన్ని ఉచితంగా సరిచేస్తాం) అని దాని సారాంశం. బ్రేకులకో ఎయిర్‌బ్యాగులకో రీకాల్ వస్తే వెంటనే డీలర్‌కు ఫోన్ చేసేవాళ్లు కూడా, లేబుల్ అనగానే ఆ కవరు పక్కన పడేస్తారు. అలా వదిలేయడం మంచిది కాదు. టైర్లలో గాలి ఎంత కొట్టించాలి, బండిలో ఎంత బరువు ఎక్కించొచ్చు అన్న ప్రశ్నలకు మనం జవాబు వెతుక్కునేది ఆ లేబుల్ మీదే. అక్కడ తప్పుంటే మనం చేసేదీ తప్పే అవుతుంది. సరిచేయించడానికి పైసా ఖర్చు కాదు, చూసుకోవడానికి అరగంట చాలు.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1971 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహన భద్రతా చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు బండి మీద ఏ లేబుల్ ఉండాలో, అందులో ఏం రాయాలో చెబుతాయి. ఈ వ్యవహారం చూసేది ఫెడరల్ ప్రభుత్వ రవాణా శాఖ, ట్రాన్స్‌పోర్ట్ కెనడా. దేశానికి ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ అధికార భాషలు కాబట్టి ముఖ్యమైన భద్రతా సమాచారం రెండింటిలోనూ ఉండాలి. మనం టొరంటోలోనో కాల్గరీలోనో ఉంటే ఫ్రెంచ్ వరసతో పనేముంది అనిపించవచ్చు. కానీ అదే బండి రేపు మాంట్రియల్‌లో ఇంకొకరి చేతికి వెళ్లొచ్చు. ఆ ఇంట్లో ఇంగ్లిష్ చదవలేని పెద్దాయన టైర్లలో గాలి చూసుకుంటుంటే, ఆయనకు ఆ ఫ్రెంచ్ వరసే దిక్కు. ఈ బాధ్యత తయారీదారుదీ, దిగుమతి చేసిన కంపెనీదీ. లేబుల్ తప్పుగా ఉన్నందుకు కొనుక్కున్న మనం దోషులం కాము, ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

మొదటి పని: డోరు తీసి ఫొటోలు తీయడం

పగటి వెలుతురులో డ్రైవర్ డోరు తెరవండి. డోరు మూసుకునేచోట నిలువుగా ఉండే పిల్లర్ మీద, డోరు అంచు మీద, హింజెస్ దగ్గర చూడండి. సాధారణంగా రెండు లేబుళ్లు కనిపిస్తాయి. ఒకటి బండి కెనడా నిబంధనలకు తగ్గట్టు తయారైందని చెప్పే కంప్లయన్స్ లేబుల్. రెండోది టైర్లు, బరువుల వివరాల లేబుల్. రెండింటినీ అక్షరం అక్షరం చదవగలిగేలా దగ్గర నుంచి ఫొటో తీయండి. తర్వాత డీలర్‌తో మాట్లాడాల్సి వస్తే ఈ ఫొటోలే మీ ఆధారం.

తొందరపడి ఫ్రెంచ్ లేదని తేల్చేయకండి. రెండు భాషలూ ఒకే లేబుల్‌లో ఉండొచ్చు, లేదా ఇంగ్లిష్‌కొకటి, ఫ్రెంచ్‌కొకటి పక్కపక్కనే ఉండొచ్చు. చుట్టుపక్కలంతా చూశాకే లేదనుకోండి.

రెండో పని: కంప్లయన్స్ లేబుల్ చదవడం

ఇందులో తయారీదారు పేరు, తయారైన నెల, సంవత్సరం, వాహన రకం, విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య), బండి మొత్తం బరువు పరిమితి, ఒక్కో ఇరుసు బరువు పరిమితి ఉంటాయి. ఈ రెండు బరువు పరిమితులను వరసగా ఇంగ్లిష్‌లో జీవీడబ్ల్యూఆర్, జీఏడబ్ల్యూఆర్ అనీ, ఫ్రెంచ్‌లో పీఎన్‌బీవీ, పీఎన్‌బీఈ అనీ పొట్టిగా రాస్తారు. ముందు, వెనక ఇరుసుల అంకెలు కూడితే వచ్చే మొత్తం సాధారణంగా జీవీడబ్ల్యూఆర్ కన్నా తక్కువ ఉండదు. తక్కువ వస్తే ఆ లేబుల్‌ను అనుమానించాల్సిందే.

విన్ నంబర్‌లో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. ఒకటి, సున్నాలతో కలిసిపోతాయని వాటిని మొత్తంగా తీసేశారు. లేబుల్ మీది విన్, ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డు మూలన కనిపించే విన్, మీ ఓనర్‌షిప్ కాగితం మీది విన్ మూడూ ఒకటేనా చూడండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఈ పని అస్సలు మానొద్దు. డోరు అంచు మీది విన్ ఒక్కటే వేరుగా ఉంటే, యాక్సిడెంట్ తర్వాత వేరే బండి డోరు తెచ్చి బిగించి ఉండొచ్చు. అప్పుడది లేబుల్ ప్రశ్నగా ఉండదు, అమ్మినవాళ్లు మీకు ఏం దాచారన్న ప్రశ్న అవుతుంది.

ఇక్కడే ఇంకోటి గమనించండి. కెనడా నిబంధనల ప్రస్తావన ఎక్కడా లేకుండా, అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు ఉందని మాత్రమే రాసి ఉంటే అది అమెరికా మార్కెట్ కోసం తయారైన బండి. అది అక్కడి నుంచి వచ్చి ఉంటే దాని దిగుమతి కాగితాలు అడగాలి. ఆ సంగతి కింద చెబుతాను.

మూడో పని: టైర్ల లేబుల్‌ను లెక్కకట్టి చూడడం

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనిమీదే. ఎక్కువసార్లు చూసేదీ, ఎక్కువ అవసరమయ్యేదీ ఇదే. శీర్షికలో ఇంగ్లిష్‌లో 'టైర్ అండ్ లోడింగ్ ఇన్ఫర్మేషన్' అనీ, ఫ్రెంచ్‌లో 'రాన్సెన్యుమాన్ సుర్ లె ప్న్యూ ఎ లె షార్జ్‌మాన్' అనీ ఉంటుంది. ఎంతమంది కూర్చోవచ్చో, మనుషులూ సామానూ కలిపి ఎన్ని కిలోలు మించకూడదో, ముందు, వెనక, స్పేర్ టైర్ల సైజులేమిటో, వాటిలో గాలి ఎంతుండాలో రాసి ఉంటుంది.

బరువు కిలోల్లో, పౌండ్లలో, గాలి కిలోపాస్కల్స్‌లో, పీఎస్‌ఐలో ఇస్తారు. తప్పు పట్టుకోవడానికి ఇదే మంచి దారి. కిలోల అంకెను 2.2తో హెచ్చవేయండి, పౌండ్ల అంకెకు దగ్గరగా రావాలి. 385 కిలోలంటే దాదాపు 849 పౌండ్లు. లేబుల్ మీద 850 అని ఉంటే గుండ్రంగా రాశారని సరిపెట్టుకోవచ్చు, 580 అని ఉంటే మాత్రం అంకెలు తారుమారయ్యాయన్నమాట. గాలికి, పీఎస్‌ఐ అంకెను 6.9తో హెచ్చవేస్తే కిలోపాస్కల్స్ వస్తాయి. 35 పీఎస్‌ఐ అంటే సుమారు 240 కిలోపాస్కల్స్. 240 పక్కన 53 కనిపిస్తే రెండింటిలో ఒకటి తప్పు. ఏది తప్పో మనం ఊహించి గాలి కొట్టించకూడదు. ఓనర్స్ మాన్యువల్ చూడాలి, లేదా డీలర్‌ను అడగాలి.

తర్వాత లేబుల్ మీది టైర్ సైజును బండికున్న టైర్ పక్కవైపు ముద్రించిన సైజుతో పోల్చండి. టైర్ పక్కవైపే ఒక ప్రెషర్ అంకె కూడా ఉంటుంది. అది ఆ టైర్‌కు చెప్పిన గరిష్ఠ ప్రెషర్, మీ బండికి కావాల్సిన ప్రెషర్ కాదు. చాలామంది దాన్ని చూసి గాలి కొట్టిస్తుంటారు. మీ బండికి కావాల్సింది డోరు దగ్గరి లేబుల్ మీది అంకే. అది కూడా టైర్లు చల్లగా ఉన్నప్పటిది, అంటే బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నప్పుడు చూడాల్సింది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోతే టైర్‌లో దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. అక్టోబరులో సరిగ్గా ఉన్న గాలి జనవరిలో ఎంత పడిపోతుందో లెక్కేసుకోండి. లేబుల్ కూడా తక్కువ చూపిస్తుంటే ఆ రెండు లోట్లూ కలిసి మంచు రోడ్డు మీద మన మీదికొస్తాయి.

బరువు అంకెను కూడా తేలిగ్గా తీసుకోకండి. నిబంధనల లెక్కలో ఒక మనిషికి 68 కిలోలు. ఐదుగురు కూర్చుంటే 340. పరిమితి 385 అయితే సామానుకు మిగిలేది 45 కిలోలే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకురావడానికి ముగ్గురు ఎయిర్‌పోర్టుకు వెళ్లి, 23 కిలోల పెట్టెలు నాలుగు డిక్కీలో వేసుకుని ఐదుగురూ తిరిగొస్తే మొత్తం 432 కిలోలు. అంటే లేబుల్ సరిగ్గా ఉన్నా పరిమితి దాటేశాం. తప్పు లేబుల్ అసలు పరిమితి కన్నా ఎక్కువ చూపిస్తే, దాటామన్న సంగతి కూడా మనకు తెలియదు. ట్రైలర్లకు, క్యాంపర్లకు ఈ లెక్క మరింత ముఖ్యం. వాటిలో నీళ్లూ గ్యాసూ సామానూ నింపేసరికి బరువు ఇట్టే పెరిగిపోతుంది.

నాలుగో పని: మిగతా చోట్లు

సన్ వైజర్ కిందికి దించి ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక ఏ భాషలో ఉందో చూడండి. స్పీడోమీటర్‌లో కిలోమీటర్లు ఉన్నాయా, బ్రేక్ హెచ్చరిక దీపం గుర్తుగా వస్తోందా, ఇంగ్లిష్ మాటగా వస్తోందా చూడండి. వృత్తంలో ఆశ్చర్యార్థకంలా కనిపించేదే ఆ గుర్తు. ఇంగ్లిష్ మాట మాత్రమే వస్తే బండి అమెరికా మార్కెట్‌ది కావచ్చు.

ఐదో పని: రీకాల్ వెతకడం, డీలర్‌తో మాట్లాడడం

ట్రాన్స్‌పోర్ట్ కెనడా వెబ్‌సైట్‌లో రీకాల్ డేటాబేస్ ఉంది. కంపెనీ, మోడల్, సంవత్సరం ఇచ్చి వెతకాలి. అయితే ఆ జాబితాలో మీ మోడల్ కనిపించినంత మాత్రాన మీ బండికి వర్తిస్తుందని కాదు. ఆ ఏడాది ఫలానా తేదీల మధ్య తయారైనవాటికే తప్పు లేబుల్ పడి ఉండొచ్చు. ఖాయంగా తెలుసుకోవాలంటే కంపెనీ కెనడా వెబ్‌సైట్‌లో విన్ ఇచ్చి చూడాలి, లేదా డీలర్ సర్వీస్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేయాలి.

ఫోన్‌లో చుట్టూ తిప్పి చెప్పకండి. 'నా విన్ ఇది. ఓపెన్ రీకాల్స్ ఏమైనా ఉన్నాయా? టైర్ లేబుల్‌లో రెండు అంకెలు పొంతన లేకుండా ఉన్నాయి, ఫొటో పంపుతాను' అంటే చాలు. ఓపెన్ రీకాల్ అంటే ఇంకా సరిచేయించని రీకాల్. కౌంటర్‌లో ఉన్నవాళ్లు 'అది చిన్న విషయమేలెండి' అనే అవకాశం ఉంది. మర్యాదగానే, ఈమెయిల్‌లో జవాబివ్వమని అడగండి. రాతపూర్వకంగా అడిగితే పని కదులుతుంది.

లోపం కంపెనీ దృష్టికి వచ్చాక ప్రభుత్వానికీ యజమానులకూ తెలియజేయాల్సిందే. 2018లో చట్టానికి చేసిన సవరణతో, రీకాల్ చేయమనీ, ఖర్చు తామే భరించి సరిచేయమనీ కంపెనీలను ఆదేశించే అధికారం రవాణా మంత్రికి వచ్చింది. కాబట్టి లేబుల్ రీకాల్‌కు ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

రీకాల్ ఏదీ లేదు, లేబుల్ మాత్రం తప్పుగానే ఉంది అనుకోండి. అప్పుడు ట్రాన్స్‌పోర్ట్ కెనడాకు మీరే ఫిర్యాదు చేయొచ్చు. వెబ్‌సైట్‌లో ఫారం ఉంది, 1-800-333-0510కి ఫోన్ కూడా చేయొచ్చు. విన్, ఫొటోలు, తయారైన నెల దగ్గర పెట్టుకోండి. ఒక్క బండి లేబుల్ గురించి ఫిర్యాదు దేనికని వెనకాడొద్దు. ఫ్యాక్టరీలో ఒక బండికి తప్పు పడిందంటే దాని ముందూ వెనకా వచ్చినవాటికీ పడి ఉండొచ్చు.

ఆరో పని: కొత్త లేబుల్ అతికించడం

లేబుల్ రీకాల్స్‌లో చాలావాటికి కంపెనీ కొత్త లేబుల్‌ను సూచనలతో పాటు పోస్టులో పంపిస్తుంది, లేదా డీలర్ దగ్గరే అతికిస్తారు. పోస్టులో వస్తే ముందు దానిమీది అంకెలను ఉత్తరంలోని అంకెలతో పోల్చండి. అతికించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. గడ్డకట్టే చలిలో జిగురు పట్టదు, వెచ్చని గ్యారేజీలో చేయండి. పాతదాన్ని పీకాలా, దానిమీదే అతికించాలా అన్నది సూచనల్లో ఉంటుంది, సొంత నిర్ణయం వద్దు. విన్ మాత్రం కప్పడిపోకూడదు. ఆన్‌లైన్‌లో ఎవరో అచ్చువేసి అమ్మే లేబుళ్ల జోలికి వెళ్లొద్దు, అందులోని అంకెలకు ఎవరూ పూచీ ఉండరు. పని అయ్యాక ఉత్తరాన్ని బండి కాగితాలతో పాటు దాచండి, అమ్మేటప్పుడు చూపించొచ్చు.

అమెరికా నుంచి కారు తెచ్చుకునేవాళ్లకు

అమెరికాలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి కెనడాకు వచ్చేవాళ్లు మన తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు. కారు వెంట తెచ్చుకుందామనుకుంటే, అది ఇక్కడ అనుమతించే జాబితాలో ఉందో లేదో ముందే ట్రాన్స్‌పోర్ట్ కెనడా దగ్గర చూసుకోండి. బయల్దేరేముందే ఓపెన్ రీకాల్స్ ఏవీ లేవని కంపెనీ నుంచి కాగితం తీసుకోండి. భూసరిహద్దు దాటడానికి కనీసం 72 గంటల ముందు అమెరికా కస్టమ్స్‌కు తెలియజేయాలి. సరిహద్దులో వాహన దిగుమతి పత్రం ఫారం 1 నింపాక, రిజిస్ట్రార్ ఆఫ్ ఇంపోర్టెడ్ వెహికల్స్ అనే సంస్థ ద్వారా 45 రోజుల్లోపు కావాల్సిన మార్పులూ తనిఖీ పూర్తి చేయాలి. పగటిపూట వెలిగే లైట్లు, పిల్లల సీటు పైపట్టీ తగిలించే టెథర్ కొక్కేలు, దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్, ఫ్రెంచ్‌లో ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లాంటివి అక్కడ చూస్తారు. తనిఖీ అయ్యాక కెనడా లేబుల్ వస్తుంది, దాన్ని డోరు దగ్గర అతికించాలి. తయారై 15 ఏళ్లు దాటిన కారుకు ఈ ప్రక్రియ వర్తించదు.

కారుతో పాటు పిల్లల కారు సీటు కూడా తెచ్చుకోవాలనిపిస్తుంది, ఖరీదైనది మరి. కానీ కెనడాలో నివసిస్తూ వాడే సీటు మీద మేపుల్ ఆకు బొమ్మ ఉన్న జాతీయ భద్రతా గుర్తు, రెండు భాషల్లో సూచనలు ఉండాలి. అమెరికాలో కొన్నదాని మీద ఆ గుర్తు లేకపోతే ఇక్కడ వాడడం చట్టవిరుద్ధం. సరిహద్దు దాటకముందే సీటు వెనక్కి తిప్పి చూసి, గుర్తు లేకపోతే దాన్ని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి, ఇక్కడ దిగగానే వాడేలా కొత్తది ముందుగానే ఆర్డర్ పెట్టుకోండి.