ట్రౌట్ గాలానికి అందడం లేదా? లోపం ఎక్కడుందో చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల ఏరుల్లో ట్రౌట్ బతకదు. అది చన్నీళ్ల చేప. దాని కోసం హిమాచల్‌లోని తీర్థన్ నదికో, కశ్మీర్‌లోని లిడ్డర్‌కో వెళ్లాల్సిందే. కానీ అక్కడ ఫ్లై ఫిషింగ్‌లో, అంటే ఫ్లై అనే తేలికపాటి నకిలీ పురుగు ఎరను కర్రతో విసిరి చేప పట్టేటప్పుడు, చేతికి ఎదురయ్యే చిక్కులను మన వంశధార, నాగావళి ఒడ్డునే వదిలించుకోవచ్చు. గాలం బదులు చివర ఎర్ర ఊలు ముక్క కట్టుకుని సాధన చేయండి.

లైను ముందుకు సాగక కుప్పగా పడుతోంది
ఫ్లైకి బరువుండదు, దాన్ని మోసుకెళ్లేది లైను బరువే. మణికట్టు వదులై కర్ర వెనక్కి వాలిపోతే లైను నేలవైపు జారి ఊపు పోతుంది. గడియారంలో 12 మీ నెత్తిమీద ఉందనుకుని, వెనక 1 దగ్గర, ముందు 10 దగ్గర కర్రను గట్టిగా ఆపండి. పిడి చివరను పొడుగు చేతుల చొక్కా పట్టీలో దూరిస్తే మణికట్టు వంగదు.

కొరడా చప్పుడు వచ్చి ఫ్లై తెగిపోతోంది
వెనక లైను పూర్తిగా సాగకముందే ముందుకు లాగుతున్నారు. తల తిప్పి చూడండి, సాగాకే విసరండి.

చేప దగ్గరకు వచ్చి వెనుదిరుగుతోంది
అందరూ ముందు ఫ్లై మారుస్తారు. నా మాట వినండి, ముందు లైను చూడండి. మీకూ ఫ్లైకీ మధ్య ప్రవాహం వేగంగా ఉంటే లైను విల్లులా వంగి ఫ్లైని ఈడుస్తుంది. నిజమైన పురుగు నీటితోపాటే కొట్టుకుపోతుంది గానీ నీటికి అడ్డంగా పరుగెత్తదు. ట్రౌట్ ఆ తేడాను ఇట్టే పసిగడుతుంది. ఫ్లై వెనక నీటిపై సన్నని చార కనిపిస్తే కారణం ఇదే. లైను నీటిని తాకగానే కర్ర కొన ఎత్తి, వంగిన భాగాన్ని ఎగువకు తిప్పి వేయండి. వీలైతే దిగువన నిలబడి ఎగువకు విసరండి. చేప ఎదురునీటికి మొహం పెట్టి ఉంటుంది కాబట్టి మీరూ దాని కంటబడరు. వర్షాలు తగ్గి వంశధార తేటపడ్డాక ఊలు ముక్క పక్కనే ఎండుటాకు వదలండి. రెండూ ఒకే వేగంతో సాగేదాకా ఈ సాధన మానొద్దు.

చేప పడ్డాక ముడి దగ్గర తెగుతోంది
పొడి ముడిని బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలహీనపడుతుంది. ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి. గాలికి దారంలో పడే చిన్న చిక్కుముళ్లు కనిపిస్తే ఆ భాగం కోసేయండి.

వదిలిన చేప పక్కకు వాలుతోంది
అలసిపోయింది. తడిచేతులతో, ఎదురునీటికి మొహం ఉండేలా, తానుగా కదిలేదాకా పట్టుకోండి. నీరు 20 డిగ్రీలు దాటిన రోజున అసలు గాలం వేయకండి.

హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ పట్టడం నిషేధం. గుడ్లు పెట్టే కాలమది. మిగతా నెలల్లోనూ మత్స్యశాఖ అనుమతి తీసుకున్నాకే నదిలో దిగండి.