ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లీష్ పదాలు పట్టుకోవడం ఎలా

స్క్రాబుల్ (అక్షరాల టైల్స్, అంటే బిళ్ళలతో పదాలు పేర్చే బోర్డ్ గేమ్) ఆడుతున్నా, వర్డిల్‌లో (దాచిన ఐదక్షరాల పదాన్ని ఊహించే ఆన్‌లైన్ ఆట) ఆఖరి ఛాన్స్ మిగిలినా, పజిల్‌లో కలగాపులగంగా అక్షరాలు ఇచ్చినా మనం చేసే మొదటి పని ఏంటంటే వాటిని బుర్రలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవడం. అది పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఏడు వేర్వేరు అక్షరాల్ని వరస మారుస్తూ పోతే 5,040 రకాలు వస్తాయి, ఎనిమిదైతే ఏకంగా 40,320.

అసలు ముందు మీకు ఏం కావాలో తేల్చుకోండి. ఇచ్చిన అక్షరాలు మాత్రమే వాడాలా (స్క్రాబుల్ టైపు), లేక ఆ అక్షరాలు ఉంటే చాలు మిగతావి ఏవైనా పర్లేదా, లేక అవే అక్షరాలు అదే వరసలో పక్కపక్కన ఉండాలా? ఈ మూడింటికీ వెతికే పద్ధతి వేరు, చాలామంది మొదటి దానికి పనికొచ్చే సైట్‌లో రెండోది వెతికి ఏమీ రావట్లేదు అనుకుంటారు.

మొదటి రకం కాగితం మీద చేద్దాం. అక్షరాలు ఎ, డి, ఇ, జి, ఐ, ఎన్, ఆర్ అనుకోండి. వీటిని ఒకే లైన్లో రాయొద్దు, గుండ్రంగా రాయండి, లైన్లో ఉంటే కన్ను ఆ వరసలోనే ఇరుక్కుపోతుంది. ఇప్పుడు ఇంగ్లీష్‌లో పదాల చివర మామూలుగా వచ్చే ముక్కలు ఏమైనా ఉన్నాయా చూడండి. ఐ-ఎన్-జి ఉంది కదా, దాన్ని పక్కన పెట్టేస్తే మిగిలేవి ఎ, డి, ఇ, ఆర్ నాలుగే, వాటితో రీడ్, డియర్, డేర్ మూడూ వస్తాయి, రీడ్‌కి ఐ-ఎన్-జి తగిలిస్తే రీడింగ్, ఏడక్షరాలూ అయిపోయాయి. డేర్‌కి తగిలిస్తే మాత్రం ఇ ఎగిరిపోయి డేరింగ్ అవుతుంది, అంటే ఆరే. ఇప్పుడు ఐ-ఎన్-జి వదిలేసి ఇ-డి పక్కన పెట్టండి, మిగిలిన వాటితో గ్రెయిన్, దానికి ఇ-డి కలిపితే గ్రెయిన్డ్, ఇదీ ఏడే. ముందు ఆర్-ఇ పెడితే రీగెయిన్ వస్తుంది. ఒక్క ఐ తీసేసి చూస్తే గార్డెన్, డేంజర్, రేంజ్డ్, గాండర్ నాలుగూ అవే ఆరు అక్షరాలతో ఉన్నాయి! చూశారుగా, ఏడక్షరాల్ని తిప్పడం కాదు, ముక్క తీసేసి మిగిలిన నాలుగైదింటిని తిప్పడం, పని అంతా అక్కడే ఉంది.

తీసి పక్కన పెట్టడానికి పనికొచ్చేవి: చివర ఇ-ఆర్, ఇ-ఎస్-టి, ఎల్-వై, టి-ఐ-ఓ-ఎన్, మొదట్లో యు-ఎన్, ఆర్-ఇ, డి-ఐ-ఎస్. వీటితో పాటు సి-హెచ్, ఎస్-హెచ్, టి-హెచ్, సి-కె లాంటి జంటలు. ఎస్ ఉంటే దాన్ని ఆఖర్న చూడండి, దాదాపు ఏ నౌన్‌కైనా అతుక్కుంటుంది.

స్క్రాబుల్ సీరియస్‌గా ఆడేవాళ్ళు ఇంకో పని చేస్తారు, కొన్ని ఆరక్షరాల గుంపుల్ని గుర్తుపెట్టుకుంటారు. రెటీనా (ఆర్-ఇ-టి-ఐ-ఎన్-ఎ) అలాంటిదే. దానికి పి కలిపితే పెయింటర్, రీపెయింట్, పర్టెయిన్ మూడూ వస్తాయి, సి కలిపితే సర్టెన్, జి అయితే గ్రానైట్, టేరింగ్, డి అయితే ట్రెయిన్డ్, ఎం అయితే మినరెట్. చేతిలో ఉన్న ఏడు టైల్సూ ఒకేసారి వేస్తే 50 పాయింట్ల బోనస్ కాబట్టి ఈ బట్టీ వృథా కాదు.

రెండో రకం, అంటే ఉంటే చాలు అన్నది. ఇక్కడ అన్నిటికంటే అరుదైన అక్షరం నుంచి మొదలుపెట్టండి. కె, డబ్ల్యూ, ఎన్ ఉండాలంటే కె పట్టుకోండి, అది ఎక్కడ కూర్చుంటుంది? మొదట్లో ఎన్ ముందు (కె రాసినా పలకని నో, న్యూ, నోన్, అంటే తెలుసు, తెలిసింది లాంటివి), చివర్లో ఎన్ తర్వాత (వింక్), మధ్యలో (అవేకెన్, వీకెన్), ఇంకా నెట్‌వర్క్. అచ్చుల నుంచి మొదలుపెడితే మాత్రం పదాలు వేలల్లో ఉంటాయి, ఎక్కడికీ తేలదు.

మూడో రకంలో మనల్ని దెబ్బ కొట్టేది ఉచ్చారణ. ఆర్-ఎ-టి పక్కపక్కన ఉన్న పదాలు చెప్పమంటే ర్యాట్ అనే శబ్దం కోసం వెతుకుతాం, కానీ టెంపరేచర్, సెపరేట్, పైరేట్ అన్నిట్లోనూ ఆ మూడు అక్షరాలూ అదే వరసలో ఉన్నాయి. పలకడం ఆపి స్పెల్లింగ్ చూడాలి.

ఇక టూల్స్. వన్‌లుక్ అనే సైట్‌లో స్టార్ గుర్తు పెడితే ఎన్ని అక్షరాలైనా, క్వశ్చన్ మార్క్ పెడితే ఒక్క అక్షరం అని అర్థం. ఎస్-పి తర్వాత మూడు క్వశ్చన్ మార్కులు, ఆ తర్వాత మైనస్ పెట్టి ఇ-ఐ అని కొడితే ఎస్-పి తో మొదలై ఇ గానీ ఐ గానీ లేని ఐదక్షరాల పదాలు వస్తాయి. రెండు స్లాష్‌లు కొట్టి అక్షరాలు ఇస్తే వాటిని కలిపి పదాలు తీస్తుంది. నెట్ లేకుండా కావాలంటే మాక్‌లో వర్డ్స్ అనే ఫైల్ ముందే ఉంటుంది, అందులో గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో కె ఉన్నవి తీసి, వచ్చినవాటిలో డబ్ల్యూ ఉన్నవి, మళ్ళీ వాటిలో ఎన్ ఉన్నవి వడకట్టండి, వరస ఏదైనా రిజల్ట్ ఒకటే. కాకపోతే ఆ లిస్ట్ 1934 నాటి వెబ్‌స్టర్స్ డిక్షనరీ నుంచి తీసింది, పాత పదాలు బోలెడు, ప్లూరల్స్ చాలావరకు ఉండవు.

అక్షరాలన్నీ వాడే పదాలు సైట్లు క్షణంలో ఎలా చెప్తాయి అనుకుంటున్నారా? ప్రతి పదంలో అక్షరాల్ని ఎ నుంచి జెడ్ వరసలో పేర్చి ముందే దాచుకుంటాయి. లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్ నాలుగింటినీ అలా పేరిస్తే ఒకటే వస్తుంది: ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి. మీ అక్షరాల్నీ అలాగే పేర్చి పోల్చడమే.

వర్డిల్ వాళ్ళకి ఒక్క మాట. మీరు కొట్టిన పదంలో ఇ రెండుసార్లు ఉండి ఒకటి గ్రీన్ (సరైన చోటే ఉంది), ఇంకోటి గ్రే (లేదు) అయితే ఇ లేదని కాదు, ఒక్కటే ఉందని. అప్పుడు టూల్‌లో ఇ ని లేని అక్షరాల్లో వేస్తే అసలు ఆన్సరే లిస్ట్ నుంచి పోతుంది.

స్క్రాబుల్ అయితే ఏ డిక్షనరీతో ఆడుతున్నారో ముందే ఒప్పుకోండి. క్యూ చేతిలో ఉండి యు లేకపోతే క్యూ-ఐ అనే రెండక్షరాల పదం నార్త్ అమెరికా స్క్రాబుల్ లిస్ట్‌లోనూ, మిగతా చాలా దేశాల్లో వాడే కాలిన్స్ లిస్ట్‌లోనూ చెల్లుతుంది, క్యూ-ఎ-టి కూడా, అవతలివాళ్ళు మొహం చిట్లిస్తే లిస్ట్ తెరిచి చూపించండి.