వేట నిషేధంలో ఇంజన్ విప్పుతున్నారా? పిస్టన్ కొనేముందు ఇవి చూసుకోండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఒడ్డున వలలు బాగుచేసేవాళ్లు కొందరైతే, ఇంజన్లు విప్పేవాళ్లు ఇంకొందరు. పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారుకి పిస్టన్లు మార్చాలంటే ఇదే అదను. మొదటి వారంలోనే విప్పితే మంచిది. చివరి వారందాకా ఆగితే సరైన పిస్టన్ వెతకడానికి టైముండదు, దొరికిందేదో వేసేస్తారు. తర్వాత జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగుతున్నప్పుడు మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇంజన్ పట్టేసిందంటే, వెనకనుంచి వరద తోస్తుంటుంది, ఎదురుగా అల విరుగుతుంటుంది. అక్కడ తెడ్డు పనిచెయ్యదు.

కౌంటర్ దగ్గరికెళ్లి "బాబాయ్, తొమ్మిది పాయింట్ తొమ్మిది హార్స్‌కి రెండు పిస్టన్లివ్వు" అనడంతోనే సగం తప్పులు మొదలవుతాయి. హార్స్ పవర్ చూసి పిస్టన్ కొనకూడదు. జాన్సన్, ఎవిన్‌రూడ్ 9.9నే తీసుకోండి. 1992 మోడల్ దాకా బోరు (సిలిండరు లోపలి వ్యాసం) సుమారు 55.6 మి.మీ., 1993 నుంచి సుమారు 60.3 మి.మీ. మూత మీద అంకె మాత్రం అదే. యమహాలో దీనికి తిరగేసి ఉంటుంది. 246 సీసీ టూ స్ట్రోక్‌లో 9.9కీ 15కీ బోరు ఒకటే, 56 మి.మీ. హార్స్ పవర్‌లో తేడా వేరే భాగాల వల్ల వస్తుంది.

అందుకే మోడల్ నంబరు, సీరియల్ నంబరు కావాలి. అవి పడవకి బిగించే బ్రాకెట్ మీది ప్లేటులో ఉంటాయి. మన ఉప్పుగాలికి ఆ ప్లేటు చాలాసార్లు తినేసి ఉంటుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్‌లలో చాలావాటికి బ్లాకు మీద ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది, నంబరు దాని మీద కూడా కొట్టి ఉంటుంది. చేతులు మారిన మోటారైతే ప్లేటొక ఇంజన్‌ది, బ్లాకొక ఇంజన్‌ది కావడం మామూలే. అప్పుడు నంబరుని సాక్ష్యంగా తీసుకోండి, తీర్పుగా కాదు. పాత పిస్టన్, దాన్ని రాడ్డుకి కలిపే పిన్ను, రింగులు గుడ్డలో చుట్టుకుని షాపుకి తీసుకెళ్లండి, ముక్కలైపోయినా సరే.

కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి మొదట పిన్ను రంధ్రం మధ్య నుంచి పైఅంచు దాకా కొలవండి. అసలు కొలత ఇదే. వ్యాసం సరిపోయింది కదా అని ఇది వదిలేస్తే, ఎత్తు ఎక్కువైతే పిస్టన్ హెడ్డుకి తగులుతుంది, లేదా కంప్రెషన్ పెరుగుతుంది. తక్కువైతే పోర్టులు (గ్యాసు వచ్చిపోయేందుకు సిలిండరు గోడలో ఉన్న కిటికీలు) తెరుచుకునే వేళ మారిపోయి ఇంజన్ లాగదు. తర్వాత పిన్ను లావు, కనెక్టింగ్ రాడ్డు పైకంట్లో నీడిల్ బేరింగ్ ఉందా బుష్ ఉందా చూడండి. పిస్టన్ పక్కన కోతలుంటే అవి అదే చోట, అదే సైజులో ఉండాలి.

పైభాగం ఆకారం కూడా ముఖ్యం. పాత క్రాస్‌ఫ్లో ఇంజన్లలో పిస్టన్ నెత్తిన గట్టులాంటి ఎత్తు ఉంటుంది. దాని నిట్టనిలువు వైపు తాజా గ్యాసు వచ్చే పోర్టుకేసి, వాలు వైపు ఎగ్జాస్టుకేసి ఉండాలి. కొత్తరకం లూప్ ఇంజన్ల పిస్టన్ దాదాపు చదునుగా ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి పెడదామనే ఆలోచనే వద్దు. యమహా పిస్టన్ మీద "అప్" అని గుర్తుంటే అది ఫ్లైవీల్ వైపు రావాలి.

కిరోసిన్ మోడల్ వాళ్లకో మాట. కిరోసిన్ త్వరగా డిటొనేట్ అవుతుంది, అంటే ఒత్తిడికి తనంతట తానే పేలినట్టు మండుతుంది కాబట్టి ఆ ఇంజన్లలో కంప్రెషన్ తక్కువగా ఉంచుతారు. అదే బోరని పెట్రోలు మోడల్ హెడ్డో, నెత్తి ఎత్తున్న పిస్టనో వేస్తే ఇంజన్ టకటకలాడుతుంది, కొన్నాళ్లకి పిస్టన్ అంచులు ఎలుక కొరికినట్టు తినేసి కనిపిస్తాయి.

రింగుల దగ్గర చిన్న విషయమే గానీ పెద్ద దెబ్బ. టూ స్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు నోరు అక్కడే ఆగేలా. కొత్త పిస్టన్‌లో ఆ పిన్ను చోటు మారితే రింగు కొసలు పోర్టు మీదికి వచ్చి కిటికీలోకి విచ్చుకుంటాయి, విరిగి బోరుని గీరేస్తాయి. రింగు అడ్డుకోత వాలుగా ఉందా చతురస్రంగా ఉందా కూడా గాడిని బట్టే. బిగించేముందు రింగొక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి, నోటి సందు ఫీలర్ గేజితో చూడండి. ఈ సైజు ఇంజన్లకి సాధారణంగా 0.15 నుంచి 0.30 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్పులు ఎప్పుడూ కొత్తవే వెయ్యాలి, పది రూపాయల దగ్గర బేరం పనికిరాదు.

ఇక బోరింగు. బోరు అరిగి ఉంటే ఓవర్‌సైజుకి, అంటే బోరు పెంచి కాస్త పెద్ద పిస్టన్‌కి, వెళ్లాలి. యమహాలో మామూలుగా 0.25, 0.50 మి.మీ. ఉంటాయి. పార్టు నంబరు మధ్యలో 11631 ఉంటే స్టాండర్డు, 11635 మొదటి ఓవర్‌సైజు, 11636 రెండోది. ముందు పిస్టన్ చేతికి రావాలి, ఆ తర్వాతే బోరు కొట్టించాలి. "మీరు పిస్టన్ తెచ్చేలోగా బోరు చేసి ఉంచుతా" అంటే ఒప్పుకోకండి. ఆ సైజు దొరక్కపోతే బ్లాకు ఎందుకూ కాకుండా పోతుంది. పిస్టన్ పూర్తి గుండ్రంగా ఉండదు, కింద కాస్త వెడల్పు. యమహా లెక్కలో కింది అంచుకి దాదాపు 10 మి.మీ. పైన, పిన్నుకి అడ్డంగా మైక్రోమీటరు పెట్టాలి. ఆ కొలతకి మాన్యువల్‌లో ఉన్న క్లియరెన్సు కలిపి బోరు చేయించండి. ఫోర్జుడు (పోతపోసింది కాకుండా సాగగొట్టి చేసిన) పిస్టన్‌కి మామూలుదానికన్నా ఎక్కువ సందు కావాలి.

పని అయ్యాక వేలితో పోర్టు అంచులు తడమండి. పదునుగా తగిలితే తిరిగి ఇచ్చి అంచులు సన్నగా వాల్చమనండి. తర్వాత సబ్బునీళ్లతో బోరు కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే మరక రానిదాకా మళ్లీ కడగండి, వెంటనే ఆయిలు రాయండి. మన గాలికి గంటలోనే తుప్పు పడుతుంది.

వీటన్నిటికన్నా ముందు, పాత పిస్టన్ ఎందుకు పోయిందో తేలాలి. నీళ్ల పంపు ఇంపెల్లరు రెక్కలు అరిగాయా, బ్లాకులో నీళ్ల దారులు ఉప్పుతో, ఒండ్రుతో పూడిపోయాయా, క్రాంకు సీళ్లు గాలి లాగుతున్నాయా, కార్బొరేటరు జెట్టులో చెత్త ఉందా చూడండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పడవ ట్యాంకులో నెలలు నిలవుంటే ఇంకో చిక్కు. ఇథనాల్ తేమని లాగుతుంది, నీళ్లూ అదీ కలిసి అడుక్కి దిగుతాయి. ఆ అడుగు పొరలో ఆయిలుండదు, ఇంజన్ అదే తాగిందంటే పిస్టన్ పట్టేస్తుంది. నిషేధానికి ముందటి పెట్రోలు కొత్త పిస్టన్‌కి పొయ్యకండి.

బిగించాక ప్లగ్గులు తీసి ఫ్లైవీల్ చేత్తో నిండుగా తిప్పండి, ఎక్కడా తగలకూడదు. రన్నింగ్‌లో తొలి పది గంటలు చాలా మోడళ్లకి 25 లీటర్లకి ఒక లీటరు చొప్పున ఆయిలు, అదీ నీళ్లతో చల్లబడే అవుట్‌బోర్డుకి చెప్పిన టీసీ-డబ్ల్యూ3 రకం. పాత మోడళ్లు కొన్నింటికి ఎప్పటికీ ఆ పాళ్లే. మొదటి గంట మెల్లగా, ఆ తర్వాత కూడా ఫుల్లు ఎక్సలేటరు మీద నిలబెట్టకుండా నడపండి. ఆ పది గంటలూ గౌతమిలోనో వైనతేయలోనో, రేవు కనిపించేంత దూరంలో, పక్కన ఇంకో బోటు ఉండగా తిప్పండి. పూర్తయ్యాక ఇంజన్ చల్లారనిచ్చి, మీ మోడల్‌కి మాన్యువల్ చెబితే హెడ్డు బోల్టులు టార్కు రెంచితో మళ్లీ బిగించి, ఆ తర్వాతే మొగ దాటండి.