ఆషాఢానికి ముందే సిర్ర, సిటికెన పుల్ల చేసుకోవడం ఎలా

బోనాలకు కొత్త డప్పు తెచ్చుకునేవాళ్లు తోలు తడిమి చూస్తారు, మంట దగ్గర కాచి నాలుగు దెబ్బలు వేసి చూస్తారు. వాయించే పుల్లలు, అంటే సిర్ర, సిటికెన పుల్ల మాత్రం డప్పుతో పాటు ఏవి ఇస్తే అవే తెచ్చుకుంటారు. మంచి తోలు మీద కూడా తీన్మార్ మొద్దుగా వినిపిస్తోందంటే చాలాసార్లు తప్పు ఆ పుల్లలదే. వాటిని ఇంట్లోనే చేసుకోవచ్చు. పదునైన కత్తి, సుత్తి, 80, 120, 220 నంబర్ల గరుకు కాగితం ఉంటే చాలు. ఓపిక మాత్రం రెండు నెలలకు సరిపడా ఉండాలి.

బోనాలు ఆషాఢంలో ముందు గోల్కొండలో మొదలవుతాయి. తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా. ఆ లెక్కన వైశాఖం మొదట్లోనే కర్ర కోసి పెట్టుకోవాలి. జ్యేష్ఠం చివర్లో కోస్తే పచ్చి కర్రతోనే వాయించాల్సి వస్తుంది. పచ్చి సిర్ర చేతికి బరువుగా, బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆరేకొద్దీ తేలికై వంకర తిరుగుతుంది.

రెండు పుల్లలు, రెండు పనులు

కుడిచేతిలోది సిర్ర. పొట్టిగా, లావుగా ఉంటుంది. తోలు నడిమి భాగంలో పడే బరువైన దెబ్బ దానిది. ఎడమచేతిలోది సిటికెన పుల్ల. సన్నగా, పొడవుగా ఉంటుంది. ఎడమ చెయ్యి డప్పు పై అంచును ఆనుకుని ఉంటుంది కాబట్టి దానికి మణికట్టు ఊపు దొరకదు, వేళ్లతోనే పుల్లను ఆడించాలి. అందుకే సిర్ర బిర్రుగా ఉండాలి, సిటికెన పుల్ల స్ప్రింగులా వంగి లేవాలి. ఒకే కర్రను రెండు ముక్కలు చేసి రెండు చేతులకూ పెట్టుకుంటే ఎడమచేతి ‘చట్’ అనే శబ్దం రానే రాదు, దరువు సగమే వినిపిస్తుంది.

సిర్ర పొడవు జానెడు, పెద్దవాళ్ల చేతికి సుమారు 9 అంగుళాలు. సిటికెన పుల్ల జానా నాలుగు వేళ్లు, అంటే 12 అంగుళాల దాకా. పిల్లలకు చేస్తుంటే వాళ్ల జానతోనే కొలవండి. ఊరిని బట్టి, తోలును బట్టి అంగుళం అటూ ఇటూ ఉంటుంది. ఈ విద్య తరతరాలుగా డప్పు కట్టి వాయిస్తున్న మాదిగ కుటుంబాలది. మీ బస్తీలో అలాంటి పెద్దాయన ఉంటే ఆయన సిర్రను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎంత బరువుండాలో ఏ కొలతా అంత బాగా చెప్పలేదు.

సిర్ర చెక్కడం

తుమ్మ గానీ చింత గానీ తీసుకోండి. రెండూ గట్టివే, దెబ్బకు అంచులు లేవవు. వేలంత కొమ్మను తెచ్చి తొక్క తీసి వాడేయడం చాలామంది చేసే పని. అలాంటి కొమ్మకు నడుమ మెత్తటి భాగం ఉంటుంది, ఆరేటప్పుడు అక్కడి నుంచే పగులు పుడుతుంది. మణికట్టంత లావున్న కొమ్మను ముడులు లేని చోట 11 అంగుళాలకు కోసి, నిలువునా నాలుగు చీలికలు చేయండి. చీల్చేటప్పుడు రంపం వద్దు. కత్తి నిలబెట్టి సుత్తితో కొడితే కర్ర తన పోగు వెంటే చీలుతుంది. రంపం పోగును మధ్యలో తెంచుకుంటూ పోతుంది. సిర్ర ఏటవాలుగా విరగడానికి అదే మూలం.

రెండు చివరలకూ కొవ్వొత్తి మైనం కరిగించి పూయండి. తేమ చివరల నుంచే తొందరగా పోతుంది, పగుళ్లూ అక్కడే వస్తాయి. 11 అంగుళాలు కోయమన్నది కూడా అందుకే: పగిలిన చివర తీసేసినా జానెడు మిగులుతుంది. హైదరాబాద్ మే ఎండలో డాబా మీద మాత్రం పెట్టకండి. ఇంట్లో నీడన, గాలి తగిలే చోట, గోనెసంచిలో చుట్టి ఉంచండి. వారానికోసారి వంటింటి డిజిటల్ కాటా మీద తూచి రాసుకోండి. వరుసగా రెండు వారాలు ఒకే బరువు చూపిస్తే ఆరినట్టే.

ఇక చెక్కడం. పట్టు దగ్గర 16 మి.మీ., కొన దగ్గర 12 మి.మీ. లావు ఉండేలా క్రమంగా సన్నం చేయండి. కొన సగం గోళీలా గుండ్రంగా ఉండాలి. కొన చుట్టూ చిన్న అంచు మిగిలినా అది తోలును కత్తిలా కోస్తుంది. 80తో మొదలుపెట్టి 120, 220 కాగితాలతో రుద్దండి. పట్టు భాగాన్ని మాత్రం 120తో ఆపేయాలి. మరీ నునుపు చేస్తే చెమటకు జారుతుంది. పూర్తయ్యాక వేలి మీద అడ్డంగా నిలిపితే పట్టు చివర నుంచి 4 అంగుళాల దగ్గర తూగాలి. ఇంకా ముందుకు తూగితే కొన వైపు చెక్క ఎక్కువ మిగిలిందని అర్థం.

పైన వార్నిష్ వద్దు, పది దెబ్బలకు పెచ్చులు లేచి తోలుకు గుచ్చుకుంటుంది. కొబ్బరినూనె ఎంతకీ ఆరదు, జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది. పలుచగా ఒక పూత పూసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేసి, రెండు మూడు రోజులు వదిలేయండి. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. విడిగా పరిచి ఆరవేయండి.

సిటికెన పుల్ల

దీనికి వెదురే మేలు. బుట్టలు, తడికలు అల్లే మేదరి వాళ్ల దగ్గర ముదురు వెదురు దొరుకుతుంది. మూడేళ్లు దాటిన వెదురు అని అడగండి. లేతది ఆరాక ముడతలు పడుతుంది. వెదురులో పిండి పదార్థం ఉంటుంది, పురుగు వచ్చేది దాని కోసమే. ముక్కను రెండు వారాలు నీళ్లలో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, నీడన ఆరబెడితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. పుల్ల కింద సన్నటి పసుపుపచ్చ పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే, దాన్ని వాడకండి.

వెదురు బలమంతా పైపొరలో ఉంటుంది. అందుకే నున్నటి పైవైపును ముట్టుకోకుండా, లోపలివైపే గీరాలి. పట్టు దగ్గర 8 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం, కొన దగ్గర 5 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం. కణుపు వస్తే అది పిడికిట్లోకి రావాలి. వంగే భాగంలో కణుపుంటే అక్కడే విరుగుతుంది. కొంచెం వంకర ఉంటే కొవ్వొత్తి మంటకు పైగా ఆడిస్తూ వేడి చేసి, సరిచేసి పట్టుకుని, తడిగుడ్డతో చల్లబరచండి. అలాగే ఉండిపోతుంది. అంచులు 220 కాగితంతో రుద్దకపోతే ఈనెలు లేచి వేళ్లలో దిగుతాయి.

కొనను నేల మీద ఆన్చి నొక్కి చూడండి. రెండు వేళ్ల ఎత్తు వంగి, వదలగానే నిటారుగా లేవాలి. వంగి అలాగే ఉంటే మరీ పలుచన, అసలు వంగకపోతే మరీ మందం.

వాయించేటప్పుడు తేలే లోపాలు

సిర్రను శాబాద్ బండ మీద నిలువుగా వదిలితే ‘టంగ్’మనాలి. ‘డబ్’మంటే లోపల పగులుంది. నడుమ అరుగుతోందంటే ప్రతి దెబ్బకూ చట్రం అంచు తగులుతోంది. అక్కడ నూలు పట్టీ చుట్టవచ్చు. అయినా చెయ్యి రెండు వేళ్లు పైకి జరపడమే అసలు మందు. సిటికెన పుల్ల శబ్దం రాకపోతే కొన ఒక్కటే తోలుకు తగులుతోందేమో చూడండి. కొన నుంచి మూడు నాలుగు అంగుళాలు పరుచుకుని పడాలి. అరచేతిలో బొబ్బలొస్తే సిర్ర మీ చేతికి సన్నం, అందుకే బిగించి పట్టుకుంటున్నారు.

వాన పడ్డప్పుడే ఎక్కువ సిర్రలు విరుగుతాయి. తడికి తోలు వదులవుతుంది, శబ్దం పడిపోతుంది, దాన్ని లేపాలని చెయ్యి గట్టిగా కొడుతుంది. ఆగి డప్పును కాచుకోండి. పుల్లల్ని మాత్రం ఆ మంట పక్కన పెట్టకండి. ఒకవైపే ఎండి వంగిపోతాయి.

ఫైబర్ తోలు బిగించిన డప్పులకు ఇదే సిర్ర పనికొస్తుంది, కొన ఇంకాస్త గుండ్రం చేయాలి. తోలు మీద తెల్లటి చిన్న గుంటలు కనిపిస్తే కొన చదునైందని గుర్తు, వెంటనే రుద్దండి. బ్యాండ్ డ్రమ్ములకు దుకాణంలో కొనే కర్రల్లో 5ఏ రకం నుంచి మొదలుపెట్టండి. అవి సుమారు 16 అంగుళాల పొడవు, 14 మి.మీ. పైచిలుకు లావు ఉంటాయి. 7ఏ ఇంకొంచెం సన్నం, 5బి కొంచెం లావు. దుకాణంలోనే గాజు బల్ల మీద దొర్లించండి, కొన ఎగిరెగిరి పడితే కర్ర వంకర. జత బరువులో 2 గ్రాములకు మించి తేడా ఉంటే వేరే జత అడగండి.

ఊరేగింపు రోజున ఒక్కొక్కరి దగ్గర రెండు సిర్రలు, నాలుగు సిటికెన పుల్లలు ఉండాలి. వాటిని పొడి గుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి వేయండి. ఇంటికి రాగానే సంచి తీసేయండి, లేకపోతే తెల్లారేసరికి చెమ్మకు బూజు వాసన పడతాయి. వెంట్రుకంత పగులు కనిపించిన సిర్రను టేపు చుట్టి మళ్లీ జనంలోకి తీసుకుపోవద్దు. విరిగిన ముక్క ఎగిరి పక్కవాళ్ల కంటికి తగలవచ్చు.